లైట్లు ఆర్పుతూనే ఉన్నాం, మీటరు మాత్రం తగ్గడం లేదు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఇంట్లో అయిదుగురు ఉన్నారు, వారిలో ఇద్దరు బడికి వెళ్లే పిల్లలు, ఒకరు వయసు మళ్లిన పెద్దవారు. ఇంటి విద్యుత్ వాడకాన్నీ, దానితోపాటు కర్బన ఉద్గారాలనూ తగ్గించాలని ఆరు నెలల కిందట అందరూ కూర్చుని నిర్ణయించుకున్నారు. బల్బులన్నీ ఎల్‌ఈడీలుగా మార్చారు, ఫోను ఛార్జర్లను వాడనప్పుడు గోడ నుంచి తీసివేస్తున్నారు, గది దాటితే లైటు ఆర్పమని ఒకరికొకరు గుర్తు చేసుకుంటున్నారు. అయినా యూనిట్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇక సోలార్ ఫలకాలు పెట్టించడమే దారా అని అడిగారు.

నా సమాధానం ముందే చెబుతాను. ఫలకాలు మంచివే, కానీ అవి చివరి మెట్టు. ఇంట్లో శక్తి ప్రధానంగా ఖర్చయ్యేది వేడి చేయడానికీ చల్లబరచడానికీ. మీరు ఇంతవరకు చేసిన మార్పులు ఆ రెండింటినీ తాకలేదు. మీ శ్రమలో లోపం లేదు, అది పెట్టిన చోటులోనే ఉంది. గీజరు, ఏసీ, గదిని వెచ్చబరిచే హీటరు, ఫ్రిజ్, వంట పొయ్యి, ఈ అయిదింటిని సరిచేసిన తరువాత మిగిలిన వాడకానికి తగినన్ని ఫలకాలు పెట్టించుకోండి.

ఇళ్లలోనూ చిన్న కార్యాలయాలలోనూ శక్తి వినియోగాన్ని లెక్కకట్టి సలహా ఇవ్వడం పద్దెనిమిది సంవత్సరాలుగా నా వృత్తి. మీలాగే నిజాయితీగా ప్రయత్నించి, ఫలితం కనబడక నిరాశపడిన కుటుంబాలను చాలా చూశాను. అందువల్ల కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మొదట ఒక చిన్న లెక్క. ఫోను బ్యాటరీ సామర్థ్యం 15 వాట్-గంటలు అనుకుందాం. రోజుకొకసారి పూర్తిగా ఛార్జి చేసినా ఏడాదికి అయ్యేది 5 లేదా 6 యూనిట్లు (యూనిట్ అంటే 1000 వాట్-గంటలు), ఛార్జర్‌లో పోయే వేడిని కలుపుకొన్నా దానికి మరికొంత మాత్రమే. ఇప్పుడు నీళ్ల సంగతి చూడండి. లీటరు నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 4.2 కిలోజౌళ్ల శక్తి కావాలి, ఒక యూనిట్ అంటే 3600 కిలోజౌళ్లు. 15 లీటర్ల గీజరులో నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తీసుకువెళ్లడానికి 0.6 యూనిట్ పడుతుంది. అంటే రెండు వారాల ఫోను ఛార్జింగుకు పట్టే శక్తికి రెట్టింపు కంటే ఎక్కువ, ఒక్కసారి గీజరు నిండుగా కాగేసరికి ఖర్చయిపోతుంది. ఛార్జరు తీయడం మానివేయమని నేను అనడం లేదు. ఆ శ్రద్ధలో పదోవంతు గీజరు మీద పెట్టినా ఎంతో ఎక్కువ ఫలితం వస్తుందని చెబుతున్నాను.

ఏదీ కొనకముందు మీటరును చదవండి. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలా వాటికి ముందు భాగాన ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. ఎన్ని మిణుకులకు ఒక యూనిట్ అవుతుందో మీటరు మీదే ముద్రించి ఉంటుంది. 1000, 1600, 3200 అనే అంకెలు తరచుగా కనిపిస్తాయి. రాత్రి అందరూ పడుకోబోయే ముందు, ఏసీ, ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపి, ఒక నిమిషంలో ఎన్నిసార్లు మిణుకుమంటుందో లెక్కపెట్టండి. ఆ సంఖ్యను 60తో గుణించి, మీటరు మీది అంకెతో భాగిస్తే, ఏమీ వాడడం లేదని మీరు అనుకుంటున్న సమయంలో ఇల్లు ఎన్ని కిలోవాట్లు తీసుకుంటోందో తెలుస్తుంది.

ఒక ఇంట్లో జరిగినది చెబుతాను, ఎందుకంటే అది మీ ఇంటి పరిస్థితికి దగ్గరగా ఉంది. ఆ ఇంటి అమ్మాయికి పన్నెండేళ్లు. టార్చిలైటు పట్టుకుని మీటరు ముందు నిలబడి తనే లెక్కపెట్టింది: నిమిషానికి పదహారు. మీటరు మీద 3200 అని ఉంది, కనుక 300 వాట్లు. ఏడాది పొడవునా అలాగే సాగితే 2600 యూనిట్లకు పైమాటే. తరువాత పంపిణీ పెట్టెలోని స్విచ్‌లను ఒక్కొక్కటిగా దించుకుంటూ మళ్లీ మళ్లీ లెక్కపెట్టాం. వెనక గది స్విచ్ దించగానే పదహారు కాస్తా ఎనిమిది అయింది. ఆ గదిలో పాత ఫ్రిజ్ ఒకటి ఉంది. కొత్తది కొన్నప్పుడు దీన్ని పారేయడానికి మనసొప్పక అక్కడ పెట్టారట. లోపల రెండు నీళ్ల సీసాలు మాత్రమే ఉన్నాయి. తలుపు చుట్టూ ఉండే రబ్బరు ఒక మూల పూర్తిగా చిట్లిపోయింది, ఆ సందులోంచి తేమ వెళ్లి పైఅరలో రెండు అంగుళాల మందాన మంచు గడ్డకట్టింది, కంప్రెసరు ఆగకుండా తిరుగుతోంది. ఆ రెండు సీసాల కోసం ఏడాదికి 1300 యూనిట్లు.

టీవీ మూల స్విచ్ దించితే ఎనిమిది అయిదు అయింది. సెట్‌టాప్ బాక్స్, మోడెం, స్పీకర్ల పెట్టె కలిసి 50 వాట్లకు పైగా తీసుకుంటున్నాయి. సెట్‌టాప్ బాక్స్ రిమోట్‌తో ఆపినంత మాత్రాన నిజంగా ఆగదు, చాలా వాటిలో ముందున్న దీపం రంగు మారడం తప్ప లోపల పని యథాతథంగా సాగుతుంది. ఏడాది పొడవునా ఒక్క వాట్ నడిస్తే 8.76 యూనిట్లు అవుతుందని గుర్తు పెట్టుకుంటే, ఇటువంటి వాటి బరువు ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు. ఇంతలో మీటరు దీపం ఒక్కసారిగా లెక్కకు అందనంత వేగంగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. పైన స్నానాలగదిలో గీజరు ఆన్‌లోనే ఉంది. నీళ్లు కొంచెం చల్లారగానే దాని థర్మోస్టాట్ తనంతట తానే 2000 వాట్ల కాయిల్‌ను కలిపింది. సాయంత్రం ఎవరో స్నానం చేసి ఆపడం మరిచిపోయారు, ఉదయం దాకా అది అలా కాగుతూ చల్లారుతూనే ఉండేది. ఆ కుటుంబం కూడా మీలాగే లైట్ల విషయంలో ఎంతో జాగ్రత్తపడుతున్న కుటుంబమే.

గీజరు విషయంలో చేయవలసినవి ఇవి. స్నానానికి ముందు పావుగంటో ఇరవై నిమిషాలో వేసి ఆపేయడం అలవాటు చేసుకోండి. మరిచిపోతారని తెలిస్తే ఒక టైమరు స్విచ్ బిగించండి. మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడే పొదుపు రెండు నెలలకు మించి నిలవడం నేను చూడలేదు. అందరూ ఒకరి తరువాత ఒకరు స్నానం చేస్తే మధ్యలో నీళ్లు చల్లారవు. నీటిధార నెమ్మదిగా ఉండే షవర్ తల పెడితే వేడినీళ్లే తక్కువ ఖర్చవుతాయి, ఇది చాలామంది పట్టించుకోని గొప్ప పొదుపు. ఎండ బాగా ఉండే చోట నేరుగా ఎండతో నీళ్లు కాచే సోలార్ హీటరు అన్నిటికంటే సూటి అయిన మార్గం. అది వీలు కాకపోతే హీట్ పంపుతో పనిచేసే వాటర్ హీటరు గురించి ఆలోచించండి. అది వేడిని పుట్టించదు, చుట్టూ ఉన్న గాలిలోంచి లాగి నీళ్లలోకి చేరుస్తుంది, కనుక ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడిని ఇవ్వగలదు. ఒక జాగ్రత్త: పొదుపు పేరుతో నిల్వ గీజరు ఉష్ణోగ్రతను 45 డిగ్రీల దగ్గర నిలిపి ఉంచకండి. గోరువెచ్చని నిల్వ నీటిలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది, వయసు మళ్లినవారికి అది ప్రమాదకరమైన న్యుమోనియా తెచ్చిపెట్టగలదు. నిల్వ నీరు 60 డిగ్రీలకు చేరనివ్వండి, వాడేటప్పుడు చన్నీళ్లు కలుపుకోండి.

ఇక ఏసీ. గదిలోకి గోడల గుండా వచ్చే వేడి, బయటి ఉష్ణోగ్రతకూ లోపలి ఉష్ణోగ్రతకూ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. బయట 35 డిగ్రీలున్నప్పుడు లోపల 20 పెడితే తేడా 15. 25 పెడితే తేడా 10. అంటే గోడల గుండా వచ్చే వేడిలో మూడోవంతు, మీరు ఏమీ కొనకుండానే తగ్గిపోయింది. 16 పెడితే గది త్వరగా చల్లబడుతుందన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది, అది సరికాదు. గది ఇంకా వేడిగా ఉన్నంతసేపూ యంత్రం ఎటూ తన శక్తికొద్దీ నడుస్తూనే ఉంటుంది, 16 పెట్టడం వల్ల జరిగేది ఎక్కడ ఆగాలో దానికి తెలియకపోవడమే. 26 దగ్గర పెట్టి, నెమ్మదిగా ఫ్యాను వేసుకోండి. ఫ్యాను గదిని చల్లబరచదు, ఒంటి మీది చెమటను ఆరబెట్టి మనిషిని చల్లబరుస్తుంది, అందుకే మనిషి లేని గదిలో ఫ్యాను తిరగడం పూర్తిగా వృథా.

కిటికీల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది పొరబడతారు. ఎండ నేరుగా పడుతున్న కిటికీ అద్దం చదరపు మీటరుకు అయిదారు వందల వాట్ల వేడిని లోపలికి పంపగలదు. మధ్యాహ్నం తరువాత పడమటి వైపున అలాంటివి రెండు చదరపు మీటర్లు ఉంటే, గదిలో ఒక హీటరు వేసుకుని దాని మీద ఏసీ నడుపుతున్నట్టే. లోపల తెర వేస్తే వెలుతురు ఆగుతుంది కానీ, ఎండ అద్దం దాటి వచ్చింది కనుక వేడి ఎక్కువ భాగం లోపలే ఉండిపోతుంది. నీడ అద్దానికి బయటి వైపున ఉండాలి: చాప, వెదురు తెర, ముందుకు వచ్చిన చూరు, చెట్టు, ఏదైనా సరే. పైకప్పు మీద ఎండ పడే ఇంటిలో పై అంతస్తు కప్పుకు తెల్లని, ఎండను తిప్పికొట్టే పూత వేయించడం కూడా ఇదే కోవలోది. చలి ప్రాంతాలలో ఉన్నవారికి ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ ముందుగా తలుపుల కింద, కిటికీల అంచుల్లో గాలి చొరబడే సందులు మూయాలి, తరువాత పైకప్పు లోపల వేడిని బయటికి పోనివ్వని పొరను, అంటే ఉష్ణబంధకాన్ని, పరవాలి, ఆ తరువాతే గది హీటరు స్థానంలో హీట్ పంపు. ఈ వరుస తప్పితే అవసరానికి మించిన పెద్ద యంత్రం కొంటారు.

ఫ్రిజ్ తలుపు రబ్బరును ఇంట్లోనే పరీక్షించవచ్చు: ఒక కాగితాన్ని తలుపు సందులో పెట్టి మూసి లాగండి, ఏ పట్టూ లేకుండా జారి వస్తే అక్కడ చలి కారిపోతున్నట్టే. వెనకవైపు గాలి ఆడేలా నాలుగైదు అంగుళాలు వదలండి, పొయ్యి పక్కన పెట్టకండి. వంటలో రెండే మాటలు. మరుగుతున్న నీరు, మంట ఎంత పెంచినా, 100 డిగ్రీలు దాటదు. మరగడం మొదలవగానే మంట తగ్గించి మూత పెట్టండి. ప్రెషర్ కుక్కర్‌లో అదే నీరు దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది కనుకనే పదార్థం త్వరగా ఉడుకుతుంది. గ్యాస్ పొయ్యి మంటలోని వేడిలో చెప్పుకోదగ్గ భాగం గిన్నెలోకి చేరకుండానే పోతుంది. ఇండక్షన్ పొయ్యిలో 80 శాతానికి పైగా చేరుతుంది.

ఏది మార్చాలి, ఏది మార్చకూడదు అన్నదానికి నేను పాటించే కొలత ఒక్కటే: అది రోజుకు ఎన్ని గంటలు నడుస్తుంది? సాధారణ ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ అనే, బ్రష్‌లు లేని పొదుపైన మోటారు ఉన్న ఫ్యాను సుమారు 30 వాట్లు తీసుకుంటాయి. రోజుకు పదిహేను గంటలు తిరిగే హాల్లో ఆ తేడా ఏడాదికి దాదాపు 245 యూనిట్లు. అరగంట మాత్రమే తిరిగే గదిలో 8 యూనిట్లు. మొదటి ఫ్యానును ఈ వారమే మార్చండి, రెండోదాన్ని పాడయ్యేదాకా వాడుకోండి, ఎందుకంటే కొత్త వస్తువు తయారీలోనూ ఉద్గారాలు ఉన్నాయి. పాత ఫ్రిజ్ తీసేస్తే దాన్ని మరొకరి ఇంటికి ఇవ్వకండి, అక్కడ అదే 1300 యూనిట్లు కొనసాగుతాయి. లోపలి వాయువును బయటకు వదలకుండా తీసే పునర్వినియోగ కేంద్రానికి పంపండి.

వాయువు ప్రస్తావన వచ్చింది కనుక, ఇంటి కర్బన లెక్కలో దాదాపు ఎవరూ చూడని విషయాన్ని చెబుతాను. నా దృష్టిలో ఇది మొత్తం సమాధానంలో అతి ముఖ్యమైన భాగం. ఏసీలలో వాడే ఆర్-410ఏ అనే శీతలీకరణ వాయువు, వందేళ్ల కాలానికి లెక్కిస్తే, అదే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే 2088 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. యంత్రంలో ఉన్న 800 గ్రాముల వాయువు గాలిలో కలిసిపోతే అది 1670 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. బొగ్గుతో పుట్టిన కరెంటుకు, వాతావరణ మార్పును అంచనా వేసే ఐక్యరాజ్యసమితి సంఘమైన ఐపీసీసీ 2014 నివేదికలో ఇచ్చిన మధ్యస్థ విలువ, గని నుంచి మొదలుపెట్టి మొత్తం జీవితకాలానికి, యూనిట్‌కు 820 గ్రాములు. ఆ ప్రకారం, ఆ ఒక్క లీకు, బొగ్గు కరెంటు 2000 యూనిట్లు వాడినదానితో సమానం. మీరు ఏడాదంతా కష్టపడి మిగిల్చింది ఒక మధ్యాహ్నంలో పోతుంది. ఈ తరహా వాయువులను క్రమంగా తగ్గించాలని 2016లో రువాండా రాజధాని కిగాలీలో, ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందానికి సవరణగా, ప్రపంచ దేశాలు అంగీకరించింది ఇందుకే.

కాబట్టి, ప్రతి వేసవికీ "గ్యాస్ తగ్గింది, నింపుతాను" అని మెకానిక్ చెబితే ఒప్పుకోకండి. ఏసీలోని వాయువు వాడకం వల్ల తరిగిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. ముందు లీకు వెతికి మూయించండి, తరువాతే నింపించండి. ఇల్లు మారేటప్పుడు గొట్టాలు ఊడదీసి వాయువును గాలిలోకి వదిలేయడం నేను కళ్లారా చూశాను; ఒక సంస్థ పంపిన పనివాడు నా ఎదుటే అలా చేసి, అది మామూలే అన్నాడు. వాయువును ముందుగా బయటి యూనిట్‌లోకి లాగి బిగించే పద్ధతి ఉంది, దాన్ని పంప్‌డౌన్ అంటారు, పది పదిహేను నిమిషాల పని. అలా చేస్తేనే విప్పనిస్తామని ముందే చెప్పండి. కొత్తది కొనేటప్పుడు పేరుపలక మీద వాయువు పేరు చదవండి: ఆర్-410ఏకు 2088 అని చెప్పుకున్న ఆ వేడెక్కించే విలువ ఆర్-32కు 675, ఆర్-290కి ఒక అంకెలోనే ఉంటుంది. ఆర్-290 అంటే ప్రొపేన్, మండే స్వభావం ఉన్నది, కనుక దాన్ని బిగించడం తెలిసినవారితోనే చేయించాలి.

యూనిట్లకూ కర్బనానికీ తేడా ఉందని దీన్నిబట్టి మీకు అర్థమై ఉంటుంది. కిలో ఎల్‌పీజీ కాలితే సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇంధనం బరువు కంటే ఎక్కువ రావడానికి కారణం గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలవడం. లీటరు పెట్రోలుకు సుమారు 2.3 కిలోలు. ఇండక్షన్ పొయ్యికి మారితే శక్తి తప్పక తగ్గుతుంది, కర్బనం తగ్గుతుందా లేదా అన్నది మీకు వచ్చే కరెంటు దేనితో పుడుతుందో దాన్ని బట్టి ఉంటుంది. పూర్తిగా బొగ్గు కరెంటు అయితే లాభం ఉండదు సరికదా, కర్బనం పెరుగుతుంది. జల, పవన, సౌర విద్యుత్తు వాటా పెరిగేకొద్దీ లాభం పెరుగుతుంది.

ఇప్పుడు ఫలకాల దగ్గరికి. అదే ఐపీసీసీ పట్టికలో ఇంటి కప్పు మీది సౌరవిద్యుత్తుకు యూనిట్‌కు 41 గ్రాములే, తయారీ ఉద్గారాలన్నీ కలుపుకొని. అందువల్ల వాటి విలువ మీద నాకు ఏ సందేహమూ లేదు. కానీ వాడకం తగ్గించకముందే పెట్టిస్తే పెద్ద వ్యవస్థ కావలసి వస్తుంది. రెండో చిక్కు మనసుకు సంబంధించినది. కరెంటు ఎలాగూ మనదే కదా అన్న ధీమాతో, ఫలకాలు వచ్చిన ఏడాదే మరో రెండు గదుల్లో ఏసీలు పెట్టించిన కుటుంబం నాకు తెలుసు. రాత్రి వాడకం పెరిగింది, రాత్రి ఫలకాలు పనిచేయవు. సామర్థ్యం పెరిగితే వాడకమూ పెరగవచ్చని బొగ్గు గురించి జెవన్స్ అనే ఆర్థికవేత్త 1865లోనే రాశాడు, ఇళ్లలోనూ అదే జరుగుతుంది. పెట్టించేటప్పుడు నీళ్ల ట్యాంకు నీడ రోజులో ఏ వేళలోనైనా ఫలకాల మీద పడుతుందేమో స్వయంగా నిలబడి చూసుకోండి. కొద్దిపాటి నీడ కూడా దాని పరిమాణానికి మించిన నష్టం చేయగలదు.

చివరిగా మీ ఇంటి మనుషుల గురించి. రోజంతా ఇంట్లో ఉండే పెద్దవారిని ఫ్యానుకూ ఏసీకీ మొహమాటపడేలా చేయకండి. విపరీతమైన ఎండలో వృద్ధుల శరీరం వేడిని తట్టుకోలేదు, అది ప్రాణానికే ముప్పు; ఆ గదికి నీడ కల్పించి, ఏసీ నిశ్చింతగా వాడుకోనివ్వండి. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునే పొదుపు ఇంట్లో చిరాకును పెంచుతుంది తప్ప యూనిట్లను తగ్గించదు. దాని బదులు, పిల్లలు వారానికొకసారి ఒకే రోజు ఒకే వేళకు మీటరు అంకె రాసిపెట్టనివ్వండి. ఆ అంకెలను నిరుడు ఇదే నెలతో పోల్చండి, పోయిన నెలతో కాదు. వాతావరణం మారితే పోలిక తప్పుతుంది.

రాత్రి లెక్కపెట్టిన మిణుకుల సంఖ్య, మీటరు మీది అంకె, గీజరు ఎన్ని లీటర్లది, ఫ్రిజ్ ఎన్నేళ్ల కిందటిది, ఏసీ పేరుపలక మీద ఏ వాయువు రాసి ఉంది, ఈ అయిదు వివరాలు తెలియజేయండి. వాటిని బట్టి మీ ఇంటికి ఏ పని ముందో, తరువాత ఎన్ని కిలోవాట్ల ఫలకాలు సరిపోతాయో లెక్కవేసి చెబుతాను.